ఉడికించిన బురద

మా కోడుగట్టు పేటలో సొంతంగా నడవగలిగిన మనుషులు నూట డెబ్భై ఒక్కరు. ఈ సంఖ్య నాకు జనాభా లెక్కల వల్ల తెలిసింది కాదు. పాదాల రిజిస్టరులో ఒక్కొక్క పేరూ నేనే రాశాను కనుక తెలిసింది. చంకన ఉన్న బిడ్డల్ని కూడా రాయబోతే, "నేలకు ఆనని పాదములు పాదములుగా పరిగణింపబడవు" అని మండలి వారు స్పష్టం చేశారు. నిజమే కదా అనుకున్నాను. అంతకుముందు ఆ విషయం గురించి ఎవరూ అంత లోతుగా ఆలోచించి ఉండరు.

మండలి అంటే అల్పకాలిక సేవా సమన్వయ మండలి. పట్నంలో రెండంతస్తుల మేడ. సముద్రాల అవతల చల్లటి దేశాల్లో చర్చిలకు వెళ్ళే మంచివాళ్ళు సెలవు పెట్టుకుని, వారం పది రోజులు మాలాంటి పల్లెలకు వచ్చి సేవ చేసి వెళ్తారు. వాళ్ళకు పల్లెను చూపించడం, పల్లెకు వాళ్ళను చూపించడం మండలి పని. మా పేట పిల్లలు ఇరవై ఇద్దరు చదువుకుంటున్న హాస్టలు కూడా మండలిదే కాబట్టి, మండలి నుంచి కాగితం వస్తే మా పాస్టరు కృపాదానం గారు లేచి నిలబడి చదువుతారు.

ఈ ఏడు వచ్చిన కాగితం ఇలా ఉంది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, గోడలకు రంగులు వేయుట, బెంచీలు చేయుట మొదలగు సేవల వలన వస్తువులు మిగులుచున్నవి గాని వినయము మిగులుటలేదని మండలి గుర్తించినది. కావున ఈ సంవత్సరము పదునలుగురు సేవకులు మీ పేటకు విచ్చేసి, ప్రభువు తన శిష్యులకు చేసిన రీతిగా, ఒక్కొక్కరు పన్నెండు జతల చొప్పున, ఒకే ఆరాధనలో, నూట అరవై ఎనిమిది జతల పాదములు కడుగుదురు. సదరు సంఖ్యలో పాదములను సిద్ధపరచవలెను."

నూట డెబ్భై ఒకటిలో నూట అరవై ఎనిమిది పోతే మిగిలేవి మూడు. ఒకటి పాస్టరు గారిది, ఒకటి పాస్టరమ్మ గారిది, మూడోది నాది. నేను సంఘానికి సెక్రటరీని, బి.ఎ. చదివినందుకు తర్జుమా కూడా నా నెత్తినే ఉంది. అంటే ఒక్క పాదం కూడా అదనంగా లేదు.

కాగితం చదవడం అయ్యాక వెనక వరసలోంచి సువార్తమ్మత్త లేచింది. నాట్లను మా వైపు ఊడ్పులంటారు. ఊడ్పుల ముఠాకు ఆమె మేస్త్రి. ఇరవై నలుగురు ఆడవాళ్ళు ఆమె మాట మీద నడుస్తారు.

"ఏ వారం అన్నావు అల్లుడూ?" అంది.

"జూలై ఆఖరి వారం అత్తా."

"ఆ వారమే గదయ్యా మనకి నీళ్ళొచ్చేది."

మాది కాలవకు చిట్టచివరి పేట. పైనున్న ఊళ్ళన్నీ తడిశాక, మిగిలిన నీళ్ళు సోమవారం వదిలి శనివారం పొద్దున ఆరింటికి లస్కరు, అంటే కాలవ కాపలా మనిషి, తూము దించేస్తాడు. ఆ ఐదు రోజుల్లో సువార్తమ్మత్త ముఠా అంతా కలిసి కౌలుకు చేస్తున్న ఆరెకరాల్లో ఊడ్పులు అయిపోవాలి. ఇరవై నాలుగిళ్ళ ఏడాది తిండిగింజలు ఆ ఆరెకరాల్లోనే ఉన్నాయి. నారు అప్పటికే ముదురుతోంది.

"ఒక్క పూటే గదమ్మా," అన్నారు పాస్టరు గారు. "సోమవారం పొద్దున కడిగించుకుంటే మజ్జానానికి చేలో ఉంటారు."

సువార్తమ్మత్త వేళ్ళ మీద లెక్కేసుకుంది. "పూటే అయితే సరే అయ్యగారూ. పాపం అంత దూరం నుంచి వస్తన్నారు. కాళ్ళ కాడ మొహమాటం ఎందుకు."

*

సోమవారం పదునలుగురూ దిగారు. వాళ్ళతోపాటు మండలి క్షేత్ర సమన్వయాధికారి విమోచనరావు గారు కూడా దిగారు. ఆయన మెడలో కెమెరా, చంకలో నియమావళి. చెయ్యి కడుక్కోవాలన్నా నియమావళి తిరగేసి మరీ కడుక్కునే మనిషి.

వచ్చినవాళ్ళు మాత్రం బంగారం లాంటి మనుషులు. వాళ్ళలో పెద్దది డోరీసమ్మ. అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళు మంచులో స్కూలు బస్సు నడిపి రిటైరైందట. మనిషి గట్టిది, మాట తక్కువ. ఆమె పక్కన ఎప్పుడూ ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. ఆయనకు మా పేటలో అందరి పళ్ళూ చూడాలని ఉంది కానీ పళ్ళు పర్యటన పట్టికలో లేవు.

పది గంటలకు చర్చి ముందు పందిట్లో పద్నాలుగు బెంచీలు, పద్నాలుగు బేసిన్లు, పద్నాలుగు తువ్వాళ్ళు పెట్టారు. పేటంతా వచ్చి కూర్చుంది. డోరీసమ్మకు పడిన పన్నెండు జతలూ సువార్తమ్మత్త ముఠాలోవి. మిగతా పన్నెండు జతలు పళ్ళ డాక్టరుకు పడ్డాయి.

డోరీసమ్మ మోకాళ్ళ మీద కూర్చుని సువార్తమ్మత్త పాదాలు చేతుల్లోకి తీసుకుంది. కాసేపు చూసింది. మడమలకు కొబ్బరినూనె మెరుస్తోంది. గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. వేళ్ళ సందుల్లో పౌడరు కూడా ఉంది. ఆమె నీళ్ళు పోసింది. పోసిన నీళ్ళు పోసినట్టే బేసిన్లోకి దిగాయి.

అన్ని బేసిన్లలోనూ అదే పరిస్థితి. ముసలి జకరయ్య తాత అయితే పొద్దున్నే బోరింగు దగ్గర గంటసేపు కూర్చుని బట్టల సబ్బు పెట్టి, పీచుతో రుద్ది, చాలక ఇటికముక్కతో గీకి వచ్చాడు. ఆయన పాదాలు కడిగిన సేవకుడి చేతులే తాత పాదాల కంటే మాసి ఉన్నాయి. తాత ఆ చేతుల వైపు జాలిగా చూసి, "అబ్బాయికి కాస్త సబ్బియ్యండయ్యా," అన్నాడు.

అసలు కష్టం అక్కడే ఉంది. పరాయి మనిషి, అందులోనూ అంత దూరం నుంచి వచ్చిన మనిషి, మన కాళ్ళు పట్టుకుంటుందంటే కడుక్కోకుండా ఎలా వస్తాం? పేటలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నూట అరవై ఎనిమిది మందీ ఎవరికి వాళ్ళే కడుక్కుని వచ్చారు.

విమోచనరావు గారు నియమం ప్రకారం నమూనాగా పదిహేను జతలకు కడగక ముందొక ఫొటో, కడిగిన తరువాత ఒక ఫొటో తీసి, పాద పరివర్తన నివేదికలో పెట్టి ఫోన్లోనే మండలికి పంపారు. మూడు గంటలకు జవాబు వచ్చింది.

"ముందు, తరువాత చిత్రముల నడుమ భేదము కానరాలేదు. పరివర్తన శూన్యము. సేవ జరిగినట్లు పరిగణింపజాలము. రేపు మరల కడుగవలెను."

జవాబు వచ్చేదాకా అందర్నీ బెంచీల మీదే కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు చేలోకి దిగేసరికి పొద్దు పడమటికి వాలింది.

*

మంగళవారం ఉదయం విమోచనరావు గారు పేటను సమావేశపరిచారు.

"సంఘ పెద్దలారా, నిన్నటి దినమున మన వైఫల్యమునకు కారణము ముందస్తు పరిశుభ్రత. కావున ఆరాధనకు ముందు పాదములు కడుగుకొనుట ఇందుమూలముగా నిషేధించడమైనది."

"చేతులు కడుక్కోవచ్చాండీ?" అని ఎవరో అడిగారు.

ఆయన నియమావళి చూసి, "చేతుల విషయమై నిషేధము లేదు," అన్నారు.

బోరింగు చెయ్యి ఊడదీసి స్కూలు గదిలో పెట్టి తాళం వేశారు. కుళాయికి గోనెసంచి చుట్టారు. పది గంటలకు పాదాలు తనిఖీ చేస్తే మళ్ళీ అన్నీ అద్దాల్లా ఉన్నాయి. కొందరు కాలవలో కడుక్కున్నారు. కొందరు తాగే బిందెలో నీళ్ళు వాడారు. సువార్తమ్మత్త ముఠా తెల్లారకముందే చేలోకి వెళ్ళి రెండు గంటలు నాటి, ఆ బురద కాళ్ళతోనే తిన్నగా వస్తామని నాకు మాటిచ్చింది. వచ్చింది. ఒక్క పాదానికీ బురద లేదు.

"అదేంటత్తా?"

ఆమె తన కాళ్ళు తానే చూసుకుని తెల్లబోయింది. "నా తోడు అల్లుడూ, నాకు తెలవకుండా జరిగిపోయింది. చేలోంచి వచ్చి కాలవ దాటుతున్నామంటే కాలు దానంతటదే నీళ్ళలో ఊగిద్ది. మెదడుదాకా కబురు పోదు."

జకరయ్య తాత విషయంలో మాత్రం తెలియక చేశాడన్న సాకు కూడా నిలవలేదు. ఆయన ఏకంగా సీసాలో నీళ్ళు తెచ్చుకుని బెంచీ మీద కూర్చుని అందరి ముందూ కడుక్కున్నాడు. విమోచనరావు గారు దాన్ని ఉద్దేశపూర్వక పరిశుభ్రత కింద నమోదు చేసి, రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. తాత చెబుతుంటే నేను రాశాను.

"ఏమని రాయమంటావు తాతా?"

"కడుక్కున్నాను అని రాయి."

"ఎందుకని అడుగుతారు."

"మురికిగా ఉన్నయ్యి అని రాయి. గుడికాడికి మురికి కాళ్ళతో వస్తే మా నాయన సమాధిలోంచి లేచొస్తాడని కూడా రాయి. అప్పుడు ఆయన కాళ్ళకి మట్టుంటది. ఆయన్ని కడుక్కోమను."

ఆ రెండో రోజు కూడా పరివర్తన శూన్యమని మండలి జవాబిచ్చింది. ఎందుకైనా మంచిదని ఇంకో గంట కూర్చోబెట్టారు.

*

బుధవారానికి మండలి సమస్య మూలాన్ని పట్టుకుంది. లోపం మనుషుల్లో లేదు, నేలలో ఉంది. మా పేటకు ఎన్నికల ముందు సిమెంటు రోడ్డు వేశారు. ఇళ్ళ ముందు గచ్చులున్నాయి. పాదాలకు మట్టి దొరికే అవకాశమే లేనప్పుడు సేవకు అవకాశం ఎక్కడిది? అందుచేత మట్టిని సమకూర్చాలన్నారు.

ఆ మాట వినగానే సువార్తమ్మత్త ముందుకొచ్చింది. "మట్టి కోసం ఎక్కడికో పోవడం ఎందుకయ్యా? మా ఆరెకరాలూ బురదే. మేం నాటుకుంటా ఉంటాం, మీ వాళ్ళని గట్టు మీదికి రమ్మనండి. ఒక్కొక్కళ్ళం గట్టెక్కి కడిగించుకుని మళ్ళీ దిగుతాం. వాళ్ళ పనీ అయిద్ది, మా పనీ అయిద్ది."

నాకైతే ఆ మాటతో అంతా తేలిపోయినట్టే అనిపించింది. విమోచనరావు గారు మాత్రం నొచ్చుకున్నారు.

"అమ్మా, తమరి పొలము నందలి బురద యొక్క మూలము ధ్రువీకరింపబడలేదు. అందులో క్రిములుండవచ్చును. సందర్శకుల చేతులకు ఏదైనా జరిగినచో ఎవరు బాధ్యులు? నియమావళి ప్రకారము బురదను ఇరువది నిమిషములు ఉడికించవలెను."

పాస్టరు గారు తలెత్తి, "బురదనా?" అన్నారు.

"బురదనే."

పెళ్ళిళ్ళకు వండే వంటమేస్త్రి మస్తాన్ను పిలిపించారు. ట్రాక్టరు మీద కాలవ మట్టి వచ్చింది. దాన్ని జల్లించి, రాళ్ళూ గాజుపెంకులూ తీసేసి, మూడు పెద్ద డేగిసాల్లో గాడిపొయ్యి మీదికెక్కించారు. మస్తాన్ లుంగీ ఎగ్గట్టి తెడ్డుతో కలుపుతూ అన్నాడు:

"నలబై ఏళ్ళుగా వండుతున్నాను సార్. ఇంత మాట పడని సరుకు ఇదే. ఉప్పు తక్కువయిందనే వాడు ఉండడు."

"అడుగంటకుండా చూడుము," అన్నారు విమోచనరావు గారు.

"ఎంత రంగు రావాలి సార్?"

ఈ ప్రశ్న నియమావళిలో లేదు. మండలికి ఫోను వెళ్ళింది. అక్కడివాళ్ళు ఆలోచించి, రంగుల దుకాణం నుంచి గోడరంగుల షేడు కార్డు తెప్పించుకుని, పెద్దలకు నాలుగో నంబరు, పిల్లలకు రెండో నంబరు, పనిచేసే ఆడవాళ్ళకు ఆరో నంబరు ఖాయం చేసి, కార్డు ఫొటో ఫోన్లో పంపారు. పూతకోసం స్కూలు వరండాలో ఒక విభాగం ఏర్పడింది. ముందు టోకెను చూపించాలి, పేరు చెప్పాలి, పాదం చాపాలి. పూత అయ్యాక విమోచనరావు గారు కార్డు పక్కన పెట్టి సరిచూసి తలూపాలి. అక్కడినుంచి అరవై అడుగులు నడిచి చర్చి పందిట్లోకి రావాలి. ఇదంతా జరుగుతుండగా డోరీసమ్మా వాళ్ళూ పందిట్లో పాటలు పాడుకుంటూ కూర్చున్నారు. తెర కట్టి ఉండబట్టి వరండా వాళ్ళకు కనపడలేదు.

జల్లించి ఉడికించిన బురద చాలా నునుపుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఎండలో అరవై అడుగులు నడిచేసరికి అది ఎండి, బీటలిచ్చి, పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. బెంచీల మీద కూర్చున్నవి మళ్ళీ శుభ్రమైన పాదాలే. సిమెంటు రోడ్డు మాత్రం ఆరో నంబరు షేడులోకి వచ్చింది.

పరివర్తన శూన్యం.

ఆ సాయంత్రానికి సువార్తమ్మత్త ముఠా, దొరికిన గంటల్లోనే, రెండెకరాలు నాటింది. ఇంకా నాలుగున్నాయి.

*

గురువారం మస్తాన్ కొత్త ఉపాయం చెప్పాడు. "మైదా గంజి పోద్దాం సార్. వాల్‌పోస్టర్లు అంటించే గంజి. వానొచ్చినా ఊడదు."

ఊడలేదు. నూట అరవై ఎనిమిది జతల పాదాలూ బ్రహ్మాండమైన నాలుగు, రెండు, ఆరు నంబర్లలో పందిట్లోకి చేరాయి. విమోచనరావు గారు ముందు ఫొటోలు తీస్తూ మొదటిసారి నవ్వారు. డోరీసమ్మ చొక్కా చేతులు పైకి మడుచుకుని సువార్తమ్మత్త కాలు అందుకుంది. రుద్దింది. నీళ్ళు మార్చి రుద్దింది. పళ్ళ డాక్టరు తన సంచిలోంచి ఏదో చిన్న పనిముట్టు తీసి గీకి చూశాడు. గంటన్నర రుద్దినా పాదాలు వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి.

సోమవారం ముందూ తరువాతా రెండూ శుభ్రం. గురువారం ముందూ తరువాతా రెండూ మురికి. భేదము కానరాలేదని మండలి మళ్ళీ రాసింది. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నమంతా పేట జనం కాలవ గట్టున వరసగా కూర్చుని కాళ్ళు నానబెట్టుకున్నారు. గట్టిపడిన గంజితో ముఠా ఆడవాళ్ళు అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయారు. ఆ రోజు చేలో ఒక్క మొక్క పడలేదు.

నాలుగింటికి సువార్తమ్మత్త కర్ర సాయంతో స్కూలుకు వచ్చింది. పాస్టరు గారు కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు.

"అయ్యా, రేపు శుక్రారం. ఎల్లుండి పొద్దున ఆరింటికి తూము దించుతారు. ఇంకా నాలుగెకరాలుంది. మా ఇరవై నలుగుర్నీ రేపు ఒదిలెయ్యండి."

"అమ్మా, తమరి వ్యవసాయ కార్యకలాపము మిక్కిలి ప్రశంసనీయము," అన్నారు విమోచనరావు గారు. "అయితే అది పర్యటన పట్టికలో లేదు."

"పట్టికలో లేదని మేం తినకుండా ఉంటామా?"

"ఆహారము పదకొండవ అంశము. అది సందర్శకుల ఆహారము."

"మరి మా నారు?"

"నారు..." ఆయన నియమావళి తిరగేసి, "నారు లేదు," అన్నారు.

"ఈ వారం దాటితే నారు ముదిరిపోయిద్దయ్యా. ముదురు నారు పిలకలెయ్యదు. ఎవరిని అడుక్కు తినాల మేము?"

విమోచనరావు గారు గొంతు తగ్గించారు. చెడ్డవాడు కాదాయన. "అమ్మా, నా చేతిలో ఏమున్నది? రేపు తుది ప్రయత్నము. ఒక్క జత తగ్గినను సహకార సూచిక పడిపోవును. సూచికను బట్టియే హాస్టలు సీట్లు. ఇరవై ఇద్దరు పిల్లలు."

సువార్తమ్మత్త మనవరాళ్ళు ఇద్దరు ఆ హాస్టల్లోనే ఉన్నారు. ఆమె కర్ర ఆనించుకుంటూ వెళ్ళిపోయింది.

*

శుక్రవారం మస్తాన్ కళ్ళలో వెలుగు చూశాను. గంజి పాళ్ళు తగ్గించి, నీళ్ళు పెంచి, తెడ్డుతో ఎత్తి వేళ్ళ మధ్య నొక్కి చూపించాడు. "ఇయ్యాల కుదిరిందయ్యా. తీగపాకం. అంటుకున్నప్పుడు అంటుకునిద్ది, నీళ్ళు పడితే ఒదిలిద్ది. అసలైన బురద ఎట్టా ఉంటదో అట్టాగే వచ్చింది."

తొమ్మిదింటికి పూత మొదలైంది. నూట నలభై నాలుగు జతల దగ్గర ఆగింది. ముఠా రాలేదు.

పందిట్లో పన్నెండు బెంచీలు నిండాయి. డోరీసమ్మ ముందున్న బెంచీ, పళ్ళ డాక్టరు ముందున్న బెంచీ ఖాళీగా ఉన్నాయి. వచ్చినవాళ్ళను రెండోసారి కూర్చోబెట్టవచ్చునా అని విమోచనరావు గారు మండలికి ఫోను చేశారు. ఒక పాదం రెండు పాదాలుగా పరిగణింపబడదని అటునుంచి సమాధానం. పై అధికారిని అడిగి చెబుతామని ఫోను పట్టుకుని ఉండమన్నారు. ఆయన పట్టుకుని ఉన్నారు.

డోరీసమ్మ మోకాళ్ళ మీదనుంచి లేచి నా దగ్గరికి వచ్చింది. తన పన్నెండు మందీ ఏరని అడిగింది.

తర్జుమా చెయ్యడానికి ఎదురుగా అధికారి మాట ఏదీ లేదు. కాబట్టి ఉన్న సంగతి చెప్పాను. నీళ్ళు, తూము, నాలుగెకరాలు, ముదిరే నారు. ఆమె అంతా విని, తెర పక్కకు తీసి, స్కూలు వరండా వైపు చూసింది. డేగిసాల మీద ఆవిరి లేస్తోంది. మస్తాన్ ఆమెకు నమస్కారం పెట్టాడు. అదేమిటని అడిగింది. ఉడికించిన బురద అని చెప్పాను. ఎందుకని అడిగింది. అదీ చెప్పాను.

ఆమె బేసిన్ తీసుకుని చంకలో పెట్టుకుని, చేనెటు అని అడిగింది. పళ్ళ డాక్టరు కూడా తన బేసిన్ తీసుకున్నాడు. మిగతా పన్నెండు మందీ మొహమొహాలు చూసుకున్నారు. ఇద్దరు పోతుంటే తాము కూర్చుని ఉండటం బాగుండదనుకున్నారో ఏమో, బేసిన్లు పట్టుకుని లేచారు. కడిగేవాళ్ళే పోతుంటే కడిగించుకునేవాళ్ళు బెంచీల మీద చేసేదేముంది? పూత పూసిన కాళ్ళతో వాళ్ళూ లేచారు. విమోచనరావు గారు ఫోను చెవిన పెట్టుకునే, చేత్తో ఆగండి ఆగండి అని సైగలు చేస్తూ అందరి వెనకా వచ్చారు.

"ఎక్కడికి పోతారయ్యా?" అని మస్తాన్ వెనకనుంచి కేకేశాడు. "ఇయ్యాలే గదా కుదిరింది."

ముఠా నడుములు వంచి వరసగా నాటుతోంది. గట్టు మీద బేసిన్లు చూసి సువార్తమ్మత్త తలెత్తింది.

"ఏమంటది అల్లుడూ?"

"నీ కాళ్ళు కడుగుతానంటంది అత్తా."

"ఇప్పుడా? కడిగి మళ్ళీ ఎక్కడ పెట్టుకోవాలంట, నెత్తినా?"

ఉన్నదున్నట్టు చెప్పాను. డోరీసమ్మ చేను వైపు చూసింది, గట్టున పేర్చిన నారుకట్టల వైపు చూసింది. అయితే ఏం చెయ్యమంటారో అడగమంది.

"ఊరికే నిలబడకుండా ఆ కట్టలు అందించమను."

డోరీసమ్మ చెప్పులు విడిచి, పంట్లాం మోకాళ్ళదాకా మడిచి, బురదలోకి దిగింది. బేసిన్ను నీళ్ళ మీద పెట్టి, దాంట్లో నారుకట్టలు వేసి, ఒక్క తోపు తోసింది. పడవలాగా తిన్నగా సువార్తమ్మత్త దాకా వెళ్ళింది. ముఠా అంతా పని ఆపి చూసింది. నలభై ఏళ్ళుగా కట్టలు విసిరేవాళ్ళే గానీ, తేలించేవాళ్ళను వాళ్ళు చూడలేదు.

ఆ తరువాత పద్నాలుగు బేసిన్లూ తేలాయి. పేట జనం దిగారు. నాటడం వచ్చినవాళ్ళు నాటారు, రానివాళ్ళు అందించారు. పళ్ళ డాక్టరు గారు ఒక మూల మూడు వరసలు నాటాడు. అవి ఎటు పోతున్నాయో ఆయనకే తెలియదు. జకరయ్య తాత గట్టు మీద కూర్చుని ఆయనకు తెలుగులో సలహాలు చెప్పాడు.

విమోచనరావు గారు గట్టు చివర నిలబడి, "సేవకులారా, ఇది ధ్రువీకరింపబడని బురద," అన్నారు. గట్టు తడిగా ఉంది. ఏ ధ్రువపత్రమూ అడగకుండానే బురద ఆయనను నడుందాకా తీసుకుంది. ఫోను ఒక్కటే పైన మిగిలింది. దాంట్లోంచి, "పై అధికారి భోజనానికి వెళ్ళినారు," అని వినపడింది.

ఐదున్నరకు ఆఖరి కట్ట అయిపోయింది. సువార్తమ్మత్త నడుం మీద చెయ్యి పెట్టి, ఆరెకరాల పచ్చదనాన్ని ఒకసారి కలయజూసి, కాలవ దగ్గరకు నడిచింది. డోరీసమ్మ గట్టున కూలబడి ఉంది. బురద ఆమె మోకాళ్ళు దాటింది. సువార్తమ్మత్త ఒక బేసిన్ కడిగి, నిండా నీళ్ళు ముంచుకొచ్చి, ఆమె ముందు కూర్చుని కాలు అందుకుంది.

డోరీసమ్మ కాలు వెనక్కి లాక్కుంది. వద్దు వద్దని చేతులు ఊపింది. మనిషి మొహం ఎర్రగా అయిపోయింది. కడగడానికి అంత దూరం వచ్చిన మనిషి, కడిగించుకోవడం ఆమెకు రాలేదు.

"ఏందంట?"

"మొహమాటపడతంది అత్తా."

"మా చేలో దిగినోళ్ళని కాళ్ళకి నీళ్ళియ్యకుండా పంపిస్తామా? ఊరుకోమను అల్లుడూ. నాలుగు రోజులు మేం ఊరుకోలా?"

ఈ మాట నేను నెమ్మదిగా తర్జుమా చేశాను. డోరీసమ్మ సువార్తమ్మత్త మొహంలోకి చూసి, కాలు చాపింది.

ముఠా ఆడవాళ్ళు పదునలుగుర్నీ వరసగా కూర్చోబెట్టి కొబ్బరిపీచుతో రుద్దారు. పదిహేనోవాడు విమోచనరావు గారు. ఆయన పాదాలు షేడు కార్డులో ఎక్కడా లేని రంగులో ఉన్నాయి. ఆయన కెమెరా పాస్టరు గారి దగ్గర ఉంది. పాస్టరు గారు కడగక ముందు పదిహేను, కడిగిన తరువాత పదిహేను తీశారు.

ఆ రాత్రికల్లా నివేదిక పంపాలి. విమోచనరావు గారు ఫొటోలు ముందు పెట్టుకుని ఫారం తెరిచారు. ఫారంలో నమూనా జతల సంఖ్య ఉంది, రంగు ఉంది, పరివర్తన శాతం ఉంది. ఎవరి పాదాలు అన్న గడి లేదు. లేని గడి నింపే మనిషి కాదాయన. పంపేశారు.

శనివారం పొద్దున లస్కరు తూము దించుతుండగా మండలి జవాబు వచ్చింది. "పరివర్తన నూటికి నూరు. ఇట్టి తెల్లని ఫలితము ఏ పేటలోనూ కానరాలేదు. సహకార సూచిక అత్యుత్తమము. హాస్టలు సీట్లు యథాతథము."

పాస్టరు గారు నిలబడి చదివి, కూర్చుని మళ్ళీ చదివారు.

*

సెప్టెంబరులో ఇంకో కాగితం వచ్చింది. సువార్తమ్మత్త గట్టు మీద కలుపు పీకుతుంటే అక్కడికే తీసుకెళ్ళి చదివాను.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మీ పేట యందలి ఆరెకరముల బురద అత్యుత్తమ ఫలితముల నిచ్చినందున, దానిని ప్రామాణిక బురదగా మండలి గుర్తించినది. కావున సదరు స్థలమున ఎట్టి పంటయు వేయక, ఇతర పేటల అవసరముల నిమిత్తము బురదను యథాస్థితిలో నిల్వయుంచవలెను. తీసుకున్న చర్యను తెలియజేయవలెను."

ఆమె మోకాలెత్తు చేను వైపు చూసింది. డాక్టరు గారి మూడు వరసలు మూల మీద వంకర్లు తిరుగుతూ పచ్చగా ఉన్నాయి. వాటిని సరిచెయ్యమని ముఠాలో ఎవరూ అనలేదు.

"డోరీసమ్మ మళ్ళీ ఏడు వస్తదంటనా?" అంది.

"వస్తానని ఉత్తరం రాసింది."

"నవంబరులో రమ్మను. కోతలప్పుడు. బేసిన్లు వద్దు, కొడవళ్ళు తెచ్చుకోమను."

"మరి మండలికి ఏం రాయాలి అత్తా?"

"బి.ఎ. చదివింది నువ్వా నేనా?"

ఇంటికి వచ్చి, మండలి వారికి అర్థమయ్యే భాషలో జవాబు రాశాను.

"తమరి లేఖ అందినది. సదరు బురద ప్రస్తుతము గింజ పట్టు పనిలో ఉన్నది. ఖాళీ అయిన వెంటనే తెలియజేయగలము."